ఒక పొర, రెండు కాళ్ళు

"ఇవాళ వద్దండి మావయ్యగారూ. కారు దిగండి."

భావనారాయణ దిగలేదు. ముందు సీటు వెనక్కి జరిపించుకుని, కట్టు కట్టిన కుడికాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఒళ్ళో తెల్ల థర్మోకోల్ పెట్టె. దాని మూత మీద రెండు చేతులూ గట్టిగా ఆనించాడు, ఎవరైనా లాక్కుపోతారేమోనన్నట్టు.

"గుడివాడలో డాక్టరుగారు మన కోసమే కూర్చున్నారమ్మా," అన్నాడు. "పొద్దున్నే బయల్దేరాలన్నది నువ్వే."

"నేనే. ఇప్పుడు వద్దంటున్నదీ నేనే."

గేటు దగ్గర వీరలక్ష్మి నిండు బిందెతో ఎదురు రావడానికి సిద్ధంగా నిలబడి ఉంది. కోడలి మాట విని బిందె ఠపీమని గచ్చు మీద పెట్టింది. సగం నీళ్ళు ఆవిడ కాళ్ళ మీదే ఒలికాయి.

"లేవగానే స్కూటరేసుకుని బందరు పరిగెత్తావు. తిరిగొచ్చి బయల్దేరిన బండికి అడ్డం నిలబడ్డావు. మధ్యలో ఏం జరిగిందో నోరు తెరిచి చెప్పవేం?"

"కొత్త చేప తోలు షీట్లు పనికిరావు అత్తయ్యగారూ. నిన్న ల్యాబులో పరీక్షకి పెట్టిన ముక్క పొద్దున చూసేసరికి గంజైపోయింది. అదే మావయ్యగారి పుండు మీద వేస్తే రెండు రోజులు కూడా నిలవదు."

డ్రైవరు ఎల్లయ్య ఇంజను ఆపేశాడు. ఆ చప్పుడు ఆగిపోయేసరికి వీధి వీధంతా ఈ ఇంటి మాటలే వింటున్నట్టు అనిపించింది భార్గవికి.

గుడివాడ డాక్టర్ స్టీఫెన్ మొహమాటం లేని మనిషి. షుగరు పుండుని నిన్ననే శుభ్రం చేశాడు. మడమ ఎముక కనిపిస్తోందన్నాడు. ఇవాళ దాని మీద పొర కప్పాలి, లేదా ఇవాళే పాదం తీసెయ్యాలి. ఉత్తినే వదిలేస్తే చీము మోకాలి దాకా పాకుతుంది. మూడో దారి లేదన్నాడు.

తెల్లవారింది మొదలు అచ్చుబల్ల ముందు నిలబడే మనిషికి పాదం పోవడమంటే చేతులు పోవడమే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పని లేదు.

"మరి పాత షీటు వెయ్యి," అన్నాడు భర్త గోపీనాథ్. అప్పటిదాకా కారు వెనక తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఫ్రిజ్‌లో ఒకటి ఉందిగా, నువ్వు దాచింది."

"అది వెయ్యడానికి దాచింది కాదు. పోల్చి చూసుకోడానికి దాచింది."

"నాన్న కాలు కంటే పోల్చి చూసుకోడం ఎక్కువా?"

భార్గవి కారు ముందు తలుపు దగ్గరికి వచ్చింది. మావగారి చేతుల కింద నుంచి పెట్టెని మెల్లగా లాగింది. ఆయన ఒక్క క్షణం బిగబట్టి వదిలేశాడు. దాన్ని పట్టుకుని ఇంటి పక్కనున్న అద్దకం షెడ్డులోకి నడిచింది. అక్కడైతే ఎవరూ అరవరు. రంగులు పాడవుతాయని షెడ్డులో గొంతు పెంచకూడదన్నది ఆ ఇంట్లో తాతల నాటి పట్టింపు.

వెనకాలే గోపీనాథ్ వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఇప్పుడు చెప్పు. ఏమైంది?"

"అదే తెలియడం లేదు గోపీ. అదే చేప, అదే పద్ధతి. పాతవి పుండు మీద వారాల తరబడి నిలబడ్డాయి. కొత్తవి ఒక్క రోజుకే కరిగిపోతున్నాయి."

పెళ్ళయిన కొత్తలో మావగారు అడిగారు, చేప తోలుతో నువ్వు చేసేదేంటమ్మా అని. అప్పుడు ఇదే బల్ల దగ్గర ఆయనకి అర్థమయ్యేలా చెప్పింది. మన ఒంట్లో కణాలు ఊరికే కుప్పగా పడి ఉండవు మావయ్యగారూ, వాటి చుట్టూ ఒక అల్లిక ఉంటుంది. కొల్లాజెన్ అని ఒకటి, అది నూలు పోగు. పోగుల మధ్య ప్రోటియోగ్లైకాన్ అని ఇంకొకటి, అది గంజి లాంటిది, నీళ్ళు పట్టుకుని పోగుల్ని కుదురుగా ఉంచుతుంది. పుండు పడటమంటే ఆ బట్ట చిరగడం. చేప తోలులోంచి కణాలన్నీ కడిగేసి ఉత్త అల్లిక మిగిల్చి మాసికలా వేస్తే, మనిషి కణాలు మెల్లగా దాంట్లోకి పాకి కాపురం పెడతాయి.

"అయితే నువ్వూ మా పనే చేస్తున్నావన్నమాట," అని ఆయన నవ్వాడు. నాగాయలంకలో చేపలు పట్టేవాళ్ళ ఇంటి నుంచి వచ్చిన పిల్లని ఆయన కోడలిగా ఒప్పుకున్నది ఆ రోజే.

చిక్కంతా మానని పుండుతోనే. దాంట్లో ఊరే ఎంజైములు వేసిన మాసికని వేసినట్టే కొరికి తినేస్తాయి. దేశంలో ఎవరు చేసిన పొర అయినా వారం తిరక్కుండా కరిగిపోయేది. భార్గవి పొర కరగలేదు. ఎందుకు కరగలేదంటే, తను చన్నీళ్ళలో నెమ్మదిగా కడిగింది కాబట్టి గంజి పోకుండా పోగుల్ని కాపాడింది అని రాసింది. పత్రికలో అచ్చయింది. పెద్ద పెద్ద సభల్లో చప్పట్లు కొట్టారు. ఆ మాట మీదే గుడివాడలో మనుషుల మీద వేసి చూడటానికి అనుమతి వచ్చింది. ఇప్పటికి ఐదుగురికి వేశారు, ఐదుగురూ లేచి తిరుగుతున్నారు.

ఇవాళ పొద్దున ల్యాబులో ఆ చిన్న గాజు గిన్నె వంచితే కొత్త పొర చారులా జారింది.

"ఏదో ఒకటి మార్చి ఉంటావు," అన్నాడు గోపీనాథ్.

"మార్చింది ఒక్కటే. తోళ్ళు నానబెట్టే చోటు. తనిఖీకి వచ్చినవాళ్ళు ఇంట్లో నానబెట్టడమేంటని తిట్టారని ఇక్కడి డ్రమ్ము మానేసి కాలేజీ ల్యాబులో కొత్త స్టీలు తొట్టి పెట్టాను. శుభ్రం పెరిగింది గానీ తగ్గలేదుగా!"

రాము అన్నయ్య నాగాయలంకలో బస్సెక్కించిన పండుగప్ప చేప తోళ్ళు ఇదివరకు ముందు ఈ షెడ్డుకే వచ్చేవి. మూలనున్న నీలం డ్రమ్ములో ఐసు నీళ్ళలో ఊరేవి. మర్నాడు తను బందరు తీసుకెళ్ళేది. ఆ డ్రమ్ము ఇప్పుడూ అక్కడే ఉంది, బోర్లించి.

భార్గవి బల్లకి ఆనుకుని నిలబడింది. బల్ల మీద సగం అచ్చుపడిన చీర పరిచి ఉంది. కారు చుట్టూ గొడవ మొదలయ్యేసరికి పనివాళ్ళు దాన్ని అలాగే వదిలేసి బయటికి వెళ్ళారు. గిన్నెలో ఇనుప తుక్కూ బెల్లమూ ఊరబెట్టిన రంగు నీళ్ళు. చూస్తే పలచటి టీలా ఉంటాయి. అచ్చు ముంచి బట్ట మీద కొడితే మాత్రం కాటుకలా నల్లబడతాయి. నలుపు ఆ నీళ్ళలో లేదు. కరక్కాయ నీళ్ళలో గేదె పాలు కలిపి బట్టని ముందే ముంచి ఆరేస్తారు. ఇనుము ఆ కరక్కాయని తగిలితేనే నలుపు పుడుతుంది. ఈ ఇంటికి కాపురానికి వచ్చిన రోజు నుంచీ చూస్తూనే ఉంది.

చూస్తూనే ఉంది.

పాత షీట్లని ఆరబెట్టేటప్పుడు పిన్నులు గుచ్చిన చోటల్లా నల్లటి చుక్కలు పడేవి. పిన్నులు తుప్పు పట్టాయని కుర్రవాళ్ళని కేకలేసింది. పిన్నులు మార్పించింది. కొత్త పిన్నులకీ చుక్కలు పడ్డాయి. స్టీలు తొట్టిలో నానబెట్టడం మొదలెట్టాక మాత్రం పడలేదు. పిన్నులు బాగున్నాయని సంతోషపడింది!

"గోపీ, ఫ్రిజ్‌లో పాత షీటు తే."

"వేస్తావా?"

"తే ముందు."

అతను పరుగున వెళ్ళి తెచ్చాడు. భార్గవి ఆ షీటు అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించింది. థర్మోకోల్ పెట్టెలోని కొత్త షీటు నుంచి అంతే ముక్క తీసింది. రెండింటినీ బల్ల చివర పక్కపక్కన పెట్టి, అచ్చు గిన్నెలో వేలు ముంచి ఒక్కో చుక్క వదిలింది.

కొత్త ముక్క మీద చుక్క టీ రంగులోనే ఉండిపోయింది.

పాత ముక్క కళ్ళ ముందే నల్లబడింది.

గోపీనాథ్ పుట్టింది ఆ షెడ్డులో. అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. "కరక్కాయ," అన్నాడు. "చేప తోలుకి కరక్కాయ ఎక్కడిది?"

"డ్రమ్ములోంచి. మీ వాళ్ళు దాంట్లో కరక్కాయ కలిపేవారా?"

"లేదు. దానికి సిమెంటు తొట్టి వేరే ఉంది. ఆ డ్రమ్ము నీకని అమ్మ విడిగా పెట్టించింది. మావాళ్ళెవరూ ముట్టుకోరు, కంపని."

తలుపు తోసుకుని వీరలక్ష్మి లోపలికొచ్చింది. "ఇంకా ఏం మంతనాలు? ఆయనక్కడ కాలు చాపుకుని ఎండలో..." అంటూ బల్ల మీద నల్ల చుక్క చూసి ఆగిపోయింది.

ఆగడం భార్గవి చూసింది.

"అత్తయ్యగారూ, నా తోళ్ళు నానే డ్రమ్ములో మీరేమైనా వేసేవారా?"

"నేనెందుకు వేస్తాను?"

"కోపంగా అడగడం లేదండి. నాకు తెలియాలి."

వీరలక్ష్మి కొంగు నడుముకి దోపుకుంది. కొడుకు వంక చూసింది. కొడుకు ముఖం తిప్పుకోలేదు. దాంతో ఆవిడకి ఒళ్ళు మండింది.

"వేశాను! ఏం, ఉరి తీస్తావా? బుధవారం బుధవారం మీ అన్న పంపే ఆ తోళ్ళ కంపు నువ్వు ముక్కు మూసుకుని బందరు పోతే తెలియదు, ఇంట్లో ఉండేదాన్ని నాకు తెలుసు. కొనడానికొచ్చిన వాళ్ళు చీరలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి పోయేవారు. కరక్కాయ నీళ్ళు పోస్తే కంపు చస్తుంది. అందుకని తొట్టిలో మిగిలినవి తెచ్చి పోసేదాన్ని. నీకు చెబితే సైన్సు చెడిపోయిందని ఏడుస్తావని చెప్పలేదు."

"ఎన్ని పోసేవారు?"

"ఏమో! చెంబెడు. ఒక్కోసారి రెండు. కంపుని బట్టి."

"పాలు కూడా కలిసి ఉండేవా?"

"కలిపిన రోజు కలిసుంటాయి. లేని రోజు లేవు. నాకేం తెలుసే?"

భార్గవి స్టూలు మీద కూర్చుండిపోయింది. నవ్వు వచ్చింది. ఏడుపూ వచ్చింది.

కరక్కాయలో ఉన్న వగరు కొల్లాజెన్ పోగుల్ని ఒకదానికొకటి ముడి వేస్తుంది. పచ్చి తోలుని చెప్పు తోలుగా మార్చేది అదే. ముడిపడ్డ పోగుని ఎంజైము కొరకలేదు. తన చన్నీళ్ళు కాదు, తన ఓపిక కాదు, తను రాసిందేదీ కాదు. కంపు భరించలేని అత్తగారి చెంబు.

"అయితే ఇంకేం?" వీరలక్ష్మి గొంతు ఒక్కసారిగా మారింది. "మంచే జరిగిందన్నమాటేగా! నిలబడ్డాయంటే నా కరక్కాయ వల్లేగా నిలబడ్డాయి? ఆ పాత షీటు తీసుకెళ్ళి ఆయనకి వెయ్యండి. గొడవ వదిలిపోతుంది."

"వెయ్యకూడదండి. అనుమతి వచ్చింది ఉత్త చేప తోలుకి. దీంట్లో ఏముందో, ఎంతుందో నాకే తెలియదు. ఒక షీటులో చెంబెడు, ఒక షీటులో రెండు, ఒకదాంట్లో విరిగిన పాలు. ఒక ఒంటికి పడింది ఇంకో ఒంటికి పడకపోవచ్చు. ముందు డాక్టరుగారికి చెప్పాలి."

"చెబితే?"

"ఆపేస్తారు. అందరికీ ఆపేస్తారు."

"నాన్న కాలు?" అన్నాడు గోపీనాథ్.

భార్గవి తల వంచుకుంది.

షెడ్డులో గొంతు పెంచకూడదు కాబట్టి ఎవరూ పెంచలేదు. బయట భావనారాయణ హారన్ కొట్టించాడు. ఒకసారి. మళ్ళీ ఇంకోసారి, పొడుగ్గా.

గోపీనాథ్ కొత్త షీటు తీసి బల్ల మీద పడేశాడు. పాత షీటుని ఐసు మీద పరిచి పెట్టె మూత బిగించాడు.

"ఏం చేస్తున్నావు?"

"నీ కంటే తక్కువ చదువుకున్నవాడు చేసేది. మీ అప్పయ్య బాబాయికి వేసింది ఇదే షీటుగా? నువ్వే చెప్పావు, వల లాగుతున్నాడని. మీ నాగాయలంక వాళ్ళకి పడింది, మా పెడన వాళ్ళకి పడదా?"

"డాక్టరుగారికి చెప్పకుండా నేను రాను."

"రా. వచ్చి చెప్పు. కట్టు కట్టాక చెప్పు. మధ్యాహ్నం దాకా ఆగితే నీ సైన్సు చచ్చిపోదు. నాన్న పాదం మాత్రం కోశాక మళ్ళీ మొలవదు."

అతను గొంతు పెంచలేదు. ఆ మాట చెప్పి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. లాగడానికి కాదు, బతిమాలడానికి. భార్గవికి లాగినా బాగుండుననిపించింది. లాగితే విడిపించుకోవచ్చు.

బయటికి వచ్చింది. రానని మొండికేస్తే షీటు ఆమె లేకుండానే గుడివాడ చేరుతుంది. కలిసి వెళ్తే కనీసం స్టీఫెన్ ఎదురుగా నిలబడి చెప్పొచ్చు. అంతవరకే ఆలోచించగలిగింది.

వెనక సీటులో ఆమెని మధ్యన కూర్చోబెట్టారు. ఒక పక్క వీరలక్ష్మి, ఒక పక్క గోపీనాథ్. పెట్టె మళ్ళీ భావనారాయణ ఒళ్ళోకి వెళ్ళింది. ఎదురొచ్చేవాళ్ళు ఎవరూ లేకుండానే కారు కదిలింది.

పెడన దాటి గుడ్లవల్లేరు రోడ్డు ఎక్కారు. పక్కన కాలవ కారుతో పాటు పరిగెత్తుతోంది. ఏసీ పనిచెయ్యడం లేదని ఎల్లయ్య ముందే చెప్పాడు. అద్దం దింపితే పొలాల దుమ్ము కాలి మీద పడుతుందని భావనారాయణ దింపనివ్వలేదు. ఐదుగురి ఊపిరీ ఆ చిన్న కారులోనే తిరుగుతోంది.

"చెప్పాడు గోపి," అన్నాడు భావనారాయణ, వెనక్కి తిరక్కుండానే. "కరక్కాయ సంగతి."

"మావయ్యగారూ..."

"నువ్వు భయపడకు. కరక్కాయ పొడి నా గోళ్ళలో పుట్టిన దగ్గర్నించీ ఉంది. నాకు పడకపోవడమేంటి? అది పడకపోతే నేనే లేను."

"గోళ్ళకి తగలడం వేరండి. పుండు మీద పడితే నెత్తురులోకి వెళ్తుంది."

"వెళ్ళనీ. సొంత మనిషే అనుకుంటుంది."

వీరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో కొన్ని రోజులుగా ఎవరూ నవ్వలేదు. భార్గవికి ఆ నవ్వు వింటే ఇంకా ఊపిరాడలేదు. ఇంతమంది ఇంత ప్రేమగా ఒక మనిషిని గోడకి నొక్కెయ్యగలరని ఆమెకి ఇవాళే తెలిసింది.

గుడ్లవల్లేరు ఇవతల రైలు గేటు పడింది. ముందు గడ్డి ట్రాక్టరు, వెనక లారీ. పక్కనుంచి దూరిన మోటారు సైకిళ్ళు కారు కుడి పక్కని మూసేశాయి. ఎల్లయ్య ఇంజను ఆపాడు.

అప్పుడు మోగింది ఫోను. భార్గవి చేతి సంచిలో.

"డాక్టరుగారే," అంది తెర చూసి.

గోపీనాథ్ ఆమె కంటే ముందు అందుకుని స్పీకరు నొక్కాడు. "వస్తున్నాం డాక్టరుగారూ. గుడ్లవల్లేరు గేటు దగ్గరున్నాం."

"మేడమ్ పక్కనున్నారా? ఆవిడతో మాట్లాడాలి." స్టీఫెన్ గొంతులో తొందర లేదు. తొందరలో ఉన్నప్పుడే ఆయన అలా నిమ్మళంగా మాట్లాడతాడు. "భార్గవి గారూ, నాగాయలంక అప్పయ్యని ఇప్పుడే తీసుకొచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది. మూసుకోకుండా మిగిలిన పుండు మీద మొన్న మీ పాతవాటిలోంచే రెండో షీటు వేశానే, దాని చుట్టూ పిక్క దాకా ఎర్రగా పొంగిపోయింది. నొక్కితే చీము కనబడటం లేదు."

అప్పయ్య బాబాయి భార్గవి నాన్నకి పినతండ్రి కొడుకు. చేప ముల్లు దిగి కాలు కుళ్ళిపోతుంటే, పట్నం డాక్టర్లు కోస్తారని భయపడి రానన్నాడు. ఇంటికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, నాది పూచీ బాబాయ్ అని తీసుకొచ్చింది తనే.

"వింటున్నారా?"

"వింటున్నానండి."

"ఇది ఇన్ఫెక్షన్ అయితే ఇచ్చే మందు వేరు. షీటులో ఆయన ఒంటికి పడనిది ఏదైనా ఉంటే ఇచ్చే మందు వేరు. ఒకటనుకుని ఇంకోటి ఇచ్చానంటే ఆ కాలు నా చేతుల్లో ఉండదు, మనిషి కూడా ఉండకపోవచ్చు. మీ కాగితాల్లో చేప తోలు, ఉప్పు నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఆలోచించి చెప్పండి. అందులో ఇంకేమైనా ఉందా?"

గోపీనాథ్ తల అడ్డంగా ఊపాడు. కళ్ళతోనే వద్దన్నాడు. ఇంకో పక్క వీరలక్ష్మి చెయ్యి ఆమె మోకాలి మీద పడింది. నొక్కలేదు. ఊరికే ఉంచింది. ముందు సీటులో మావగారి తల వెనక భాగం మాత్రం కనిపిస్తోంది. చెవి దగ్గర నెరిసిన వెంట్రుకలు. ఆ తల కదలడం లేదు.

రైలు ఇంకా రాలేదు. గేటు అవతల ఎవరో బఠానీలు అమ్ముతూ కేకేస్తున్నారు.

"మేడమ్?"

"ఉందండీ," అంది భార్గవి. "కరక్కాయ ఉంది. నాకూ ఇవాళే తెలిసింది. ఎంతుందో తెలియదు. పాలు కూడా కలిసి ఉండొచ్చు."

వీరలక్ష్మి చెయ్యి మోకాలి మీద నుంచి తీసేసింది. వేడి వస్తువు మీద నుంచి తీసినట్టు.

స్టీఫెన్ ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు. "సరే. తిట్టడానికి ఇప్పుడు టైము లేదు. పాత షీట్లలో మిగిలిందేమైనా ఉందా?"

"ఒకటుంది. మా దగ్గరే."

"దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. మీరు అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి ల్యాబుకి పట్టుకెళ్ళండి. దాంట్లో ఏముందో, ఎంతుందో తేల్చి నాకు చెప్పండి. అప్పయ్య విషయంలో నాకు అదొక్కటే ఆధారం. పెద్దాయన్ని మాత్రం ఇక్కడికి పంపించండి. ఆయనకి ఇవాళ పొర లేదు. థియేటరు సిద్ధం చేయిస్తాను. పాదం దగ్గరే ఆపడానికి చూస్తాను."

"డాక్టరుగారూ, ఒక్క మాట..." అని గోపీనాథ్ ఏదో అనబోయాడు.

రైలు వచ్చింది. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి ధడధడమని పోతుంటే కారు అద్దాలు వణికాయి. ఎవరేమన్నా వినపడే వీలు లేదు. గోపీనాథ్ ఫోను మీదకి వంగి అరుస్తున్నాడు. వీరలక్ష్మి ఏడుస్తోంది, లేదా తిడుతోంది. పెదాలు మాత్రమే కదులుతున్నాయి.

ఆఖరి పెట్టె దాటిపోయి చప్పుడు సన్నగిల్లాక, భావనారాయణ మొదటిసారి వెనక్కి తిరిగాడు. కోడలి ముఖంలోకి చూశాడు. కోపం లేదు. దానికే ఆమెకి భయమేసింది.

"నువ్వు చెప్పాల్సింది చెప్పావమ్మా. తప్పు పట్టను," అన్నాడు. "కానీ ఆ అప్పయ్య ఎవరో నేను చూడలేదు. నా కాలు నేను రోజూ చూస్తున్నాను."

తలుపు తెరుచుకుని దిగాడు.

కట్టు కట్టిన పాదం తారు రోడ్డు మీద ఆనించాడు. ఒక్కసారి ఒళ్ళంతా బిగుసుకుంది. కారు పైకప్పు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. థర్మోకోల్ పెట్టెని చంకన పెట్టుకున్నాడు.

"మావయ్యగారూ! ఆ పెట్టె... పెట్టె ఇచ్చి వెళ్ళండి!"

గేటు లేచింది. రెండు వైపుల నుంచీ బళ్ళు ఒకదాని మీదకి ఒకటి ఎగబడ్డాయి. వెనక లారీ వాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. గోపీనాథ్ తన వైపు తలుపు తొయ్యబోతే మోటారు సైకిలు అడ్డం ఉంది. "తియ్యవయ్యా బాబూ, బండి తియ్యి!" అని గొంతు చించుకున్నాడు.

భార్గవి వీరలక్ష్మి వైపు తిరిగింది. అటు పక్క ఖాళీ ఉంది. "అత్తయ్యగారూ, తలుపు తియ్యండి. దిగండి."

వీరలక్ష్మి తలుపు పిడి పట్టుకుని కూర్చుంది.

"తియ్యను."

"ఆయన నడవకూడదండీ! ఎముక మీద నడుస్తున్నారు!"

"నడవనీ. నువ్వు దిగావంటే ఆయన ఇంక ఆగడు." ఆవిడ కళ్ళు భర్త వీపు మీదే ఉన్నాయి. "పరిగెడతాడు."

భావనారాయణ ట్రాక్టరు పక్కనుంచి కుంటుతూ రోడ్డు అటు వైపుకి దాటాడు. కట్టు మడమ దగ్గర ఎర్రబడింది. గేటు అవతల నుంచి మొదటగా వచ్చింది బందరు వెళ్ళే ఎర్ర బస్సు. ఆయన చెయ్యెత్తాడు. తెల్ల గడ్డం, కట్టు కాలు చూసి డ్రైవరు రోడ్డు మధ్యలోనే బ్రేకు వేశాడు. లోపలి నుంచి కండక్టరు వంగి, "మెల్లగా పెద్దాయనా, ఆ పెట్టె ఇలా ఇవ్వండి" అని చెయ్యందించాడు.

పెట్టె ముందు ఎక్కింది. తర్వాత ఆయన.

గోపీనాథ్ ఎలాగో దిగి పరిగెత్తేసరికి బస్సు కదిలింది. అతను దాని వెనక అద్దం మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టగలిగాడు. అంతే. బస్సు ఎటు పోతోందో బోర్డు చెబుతోంది. ఆయన ఎక్కడ దిగుతాడో, ఆ పొర ఎవరి చేత వేయించుకుంటాడో చెప్పేవాళ్ళు లేరు.

సీటు మీద పడిపోయిన ఫోను ఇంకా మాట్లాడుతోంది.

"హలో? భార్గవి గారూ? ఏంటా గోల? ఇక్కడ అప్పయ్యకి ఊపిరి అందడం లేదు, నేను ఎక్కువసేపు ఆగలేను. మీరు బయల్దేరారా? షీటు మీ చేతిలోనే ఉందిగా?"